వేరుపురుగుకు గట్టు అడ్డం కాదు – ఊరంతా కదిలితేనే చేను దక్కేది

అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల మెట్ట రైతుకూ, ఆ చేలలో కూలికి పోయి బతికే జనానికీ ఆగస్టు, సెప్టెంబరు నెలలు గుండె దడ పుట్టించే నెలలు. వాన వెనక్కు పోతే ఒక దిగులు. వాన పడినా ఇంకో దిగులు కాచుకుని ఉంటుంది. నిన్నటిదాకా పచ్చగా ఉన్న చెనిక్కాయ చేనులో అక్కడొక చెట్టు, ఇక్కడొక చెట్టు వడలిపోతుంది. పదును చాలక వాడిందేమోలే అనుకుంటాం. వాన పడ్డాక కూడా అది తేరుకోదు. చేత్తో పట్టి లాగితే పట్టు లేకుండా ఊడి వస్తుంది. చూస్తే తల్లివేరు లేదు, పిల్లవేర్లూ లేవు. కత్తెరతో కత్తిరించినట్టు ఉంటుంది. ఆ చెట్టు కింద జానెడు లోతు మట్టి తీసి చూడండి. తెల్లగా, లావుగా, కొడవలిలా వంగి పడుకున్న పురుగు కనబడుతుంది. అదే వేరుపురుగు.

ఇది ఒక చెట్టుతో కడుపు నింపుకునే రకం కాదు. ఒక చెట్టు వేరు తిని, సాలు వెంట పక్క చెట్టుకు పోతుంది. అందుకే ఎండిన చెట్లు చేను పొడవునా కాకుండా గుంపులు గుంపులుగా, సాలు సాలుగా కనబడతాయి. ఎర్ర నేలలు, ఇసుక కలిసిన తేలిక నేలలు దానికి మహా ఇష్టం. రాయలసీమ మెట్ట భూముల్లో ఎక్కువ భాగం అలాంటివే.

నష్టం ఎవరిది?

సెంటు భూమి లేనివాడికి వేరుపురుగుతో ఏం పని అని కొందరు అనుకోవచ్చు. పని ఉంది. చేను పోతే రైతు అప్పులో మునుగుతాడు, నిజమే. దానితోపాటు చెట్టు పీకే పని పోతుంది. కాయలు తెంపే పని పోతుంది. కట్టె కుప్ప వేసే పని పోతుంది. ఆడవాళ్లకు కొన్ని వారాలపాటు దొరికే కూలి ఒక్కసారిగా మాయమవుతుంది. పశువులకు మేత తగ్గుతుంది. దసరా నాటికి ఇంటికి తాళం వేసి బెంగుళూరు రైలెక్కే కుటుంబాల లెక్క పెరుగుతుంది.

రైతు లెక్కా చూద్దాం. 2025-26 ఖరీఫ్‌కు కేంద్రం ప్రకటించిన వేరుశనగ మద్దతు ధర క్వింటాలుకు 7,263 రూపాయలు. ఎకరాకు రెండు క్వింటాళ్లు పురుగు పాలైతే 14,526 రూపాయలు మట్టిలో కలిసినట్టే. అది కూడా మద్దతు ధర చేతికి వస్తేనే. సొంత భూమి ఉన్నవాడు ఎలాగో తట్టుకుంటాడు. కౌలుదారు సంగతి వేరు. పంట పండినా పండకపోయినా కౌలు కట్టాల్సిందే. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన పంట సాగుదారు హక్కుల చట్టం కూడా, భూయజమాని ఒప్పుకుని సంతకం పెడితేనే కౌలుదారుకు కార్డు ఇమ్మంది. సంతకం పెట్టే యజమానులు ఎంతమంది ఉంటారో మన ఊళ్లలో అందరికీ తెలుసు.

బీమా ఆదుకుంటుందా అంటే, అదీ అంతంత మాత్రమే. వాతావరణ బీమా వానను కొలుస్తుంది, నేలలో వేరు తిన్న పురుగును కొలవదు. దిగుబడి బీమా ఊరి సగటు చూస్తుంది. నాలుగు చేలు నిలువునా ఎండిపోయినా సగటులో అవి కనబడవు. కనుక ఈ పురుగు దగ్గర తర్వాత వచ్చే పరిహారం కన్నా ముందు పడే జాగ్రత్తే ముఖ్యం.

పురుగు ఏడాది బతుకు

శత్రువు అలవాటు తెలియకుండా యుద్ధం చేయలేం. మన చేలలో ఎక్కువగా కనబడేవి హోలోట్రైకియా అనే జాతి పురుగులు. వీటికి ఏడాదికి ఒకటే తరం. తల్లిపురుగు గోధుమ రంగు పెంకుపురుగు. ఎండాకాలమంతా అది నేల లోపల కదలకుండా పడుకుని ఉంటుంది. ముంగారు వాన బాగా పడి నేల తడిసిందా, ఆ సాయంత్రమే బయటకు వస్తుంది. రోహిణి, మృగశిర కార్తెల్లో మొదటి గట్టి వాన పడ్డాక పొద్దుగూకగానే గుయ్యిమంటూ వేప చెట్టు చుట్టూ మూగేవి ఇవే. వీధి దీపం కింద పడి కొట్టుకునేవాటిలోనూ ఇవి ఉంటాయి.

పైకి వచ్చిన పురుగు నేరుగా చెట్టెక్కుతుంది. వేప, రేగు, తుమ్మ, మునగ వంటి చెట్ల ఆకు తింటుంది. ఆడ, మగ కలిసేది అక్కడే. తెల్లవారే లోపు మళ్లీ దిగి మట్టిలో దూరుతుంది. ఆడపురుగు చేల మట్టిలో గుడ్లు పెడుతుంది. కొద్ది రోజుల్లో గుడ్డు పగిలి సన్నని పిల్లపురుగు వస్తుంది. మొదట మట్టిలోని కుళ్లిన చెత్త, సన్న వేర్లు తింటుంది. రెండుసార్లు కుబుసం విడిచాక ముదురుతుంది. అప్పుడే దానికి రాక్షసి ఆకలి. మనం జులైలో విత్తిన చెనిక్కాయ పూతకు, ఊడకు వచ్చే వేళకు అది సరిగ్గా ఆ దశలో ఉంటుంది. తర్వాత నేలలోనే గూడు కట్టుకుని, పెంకుపురుగుగా మారి, మళ్లీ వచ్చే ఏడాది వాన కోసం కాచుకుంటుంది.

ఇందులో గమనించాల్సింది ఒకటుంది. ఏడాది పొడవునా ఈ పురుగు మన కంటికి కనబడకుండా మట్టిలో దాక్కుంటుంది. మన చేతికి దొరికేలా బయట తిరిగేది ముంగారు వానల తర్వాత వచ్చే కొద్ది రాత్రులే. ఆ రాత్రులు వదిలేస్తే ఏడాదంతా వదిలేసినట్టే.

పెంట దిబ్బలో కనబడే లావుపాటి తెల్ల పురుగులన్నీ ఇవే అనుకుని కంగారు పడకూడదు. వాటిలో చాలావరకు కుళ్లిన పేడ తిని బతికేవి. చేనులో, బతికున్న చెట్టు వేరు దగ్గర దొరికేదే మన శత్రువు. దానికి గోధుమ రంగు తల, తల దగ్గర మూడు జతల కాళ్లు ఉంటాయి. తోక వైపు తిన్న మట్టి నల్లగా కనబడుతుంది.

డబ్బాలు మారాయి, పురుగు మారలేదు

ఒకప్పుడు దీనికి బి.హెచ్.సి. పొడి చల్లమన్నారు. గంపల్లో ఎత్తుకుని, ఉత్త చేతులతో కూలీలే చల్లారు. అది నేలలో, పాలలో, మనుషుల ఒంట్లో ఏళ్ల తరబడి నిలిచిపోతుందని తేలాక 1997లో దేశంలో నిషేధించారు. తర్వాత ఫోరేట్ గుళికలు వచ్చాయి. ఎర్ర త్రికోణం గుర్తున్న విషం అది. ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని అత్యంత ప్రమాదకరమైన మందుల వరుసలో పెట్టింది. ఆ గుళికలనూ మన ఆడవాళ్లు ఇసుకలో కలిపి, కొంగులో పోసుకుని సాళ్లలో వేశారు. 2018లో కేంద్రం ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం 2020 డిసెంబరు 31 నుంచి ఫోరేట్ కూడా నిషేధం. ఈరోజు ఎవరైనా 'గుళికలున్నాయి, లోపల్నుంచి తెచ్చిస్తా' అంటే, అమ్మేది నేరం. చల్లే చేతికి అది ప్రాణాపాయం.

ఇప్పుడు ఎక్కువగా వాడుతున్నది క్లోరిపైరిఫాస్. దీని మీదా ప్రపంచమంతటా చర్చ సాగుతోంది. 2025లో స్టాక్‌హోం ఒప్పందం దేశాలు దీన్ని నిర్మూలించాల్సిన రసాయనాల జాబితాలో, కొన్ని మినహాయింపులతో చేర్చాయి. అంటే ఈ డబ్బా మీద కూడా శాశ్వతంగా ఆధారపడలేం.

పైగా రైతు దుకాణానికి పోయేది ఎప్పుడు? ఆగస్టులో చెట్లు ఎండాక. 'అన్నా, ఇది తీస్కపో, దెబ్బకు చస్తాది' అని డీలరు అప్పు కింద డబ్బా చేతిలో పెడతాడు. ముదిరిన పురుగు జానెడు, మూరెడు లోతున ఉంటుంది. పైన పోసిన మందు అక్కడిదాకా దిగదు. దిగినా ముదురు పురుగు సులభంగా చావదు. డబ్బు మట్టిలో పోస్తున్నామే తప్ప చేను దక్కదు. డబ్బా అప్పు మాత్రం వడ్డీతో సహా కల్లంలో నిలబడి ఉంటుంది.

కొద్ది రాత్రుల పని

మరి దారేది? వేరుపురుగుల మీద పరిశోధనకు రాజస్థాన్‌లో జైపూర్ దగ్గరి దుర్గాపుర కేంద్రంగా అఖిల భారత పథకం నడిచింది. అక్కడి శాస్త్రవేత్తలు నొక్కి చెప్పిన మాట ఒకటుంది: తల్లిపురుగును చెట్టు మీదే పట్టాలి, అదీ ఊరంతా కలిసి పట్టాలి. వాళ్లు ఉత్తరాది వేరుపురుగును ఒక్క చోటికి రప్పించే వాసన పదార్థాన్ని కూడా కనిపెట్టి వాడారు. ఆ వాసన మన జాతి పురుగుకు కూడా అలాగే పనిచేస్తుందని అనుకోకూడదు. కానీ ఊరంతా కలిసి పట్టాలన్న మాట ఏ జాతికైనా వర్తిస్తుంది.

ఎందుకంటే పురుగుకు సర్వే నంబరు తెలియదు. నా చేను గట్టు మీది వేప చెట్టెక్కిన పురుగు నీ చేనులో గుడ్లు పెడుతుంది. నేనొక్కడినే పట్టి, నువ్వు పట్టకపోతే ఇద్దరమూ పోతాం.

పని కష్టమైనది కాదు. మొదటి గట్టి వాన పడిన రోజు నుంచి వరసగా నాలుగైదు రాత్రులు కదలాలి. చీకటి పడ్డాక ఓ గంట ఆగండి. పురుగులు చెట్టు మీద కుదురుకుని మేతలో పడతాయి. చెట్టు కింద గోనె పట్టాలో, పాత టార్పాలినో పరవండి. పొడుగు గెడలతో, కొక్కేల కర్రలతో కొమ్మలను గట్టిగా దులపండి. పురుగులు టపటపా రాలతాయి. వాటిని ఏరి, కొంచెం కిరసనాయిలు కలిపిన నీళ్ల బకెట్లో వేయండి. కిరసనాయిలు దొరకని చోట సబ్బు నీళ్లయినా వాడవచ్చు. అయితే పురుగులు పూర్తిగా మునిగి చచ్చేదాకా మూత పెట్టి ఉంచాలి. చేనులో బల్బు కట్టి, కింద నీళ్ల తొట్టి పెట్టినా కొన్ని పడతాయి. చెట్టు దులపడానికి అది తోడు మాత్రమే. మళ్లీ గట్టి వాన పడితే మళ్లీ రెండు మూడు రాత్రులు ఇదే పని.

దీనివల్ల ఒరిగేదేమిటని అడిగేవాళ్లు ఈ లెక్క వేసుకోవాలి. ఒక రాత్రి ఒక వాడ జనం వెయ్యి పురుగులు పట్టారనుకుందాం. సగం ఆడవి. ఒక్కొక్కటి తక్కువలో తక్కువ ఇరవై గుడ్లు పెడుతుందని వేసుకుంటే 10,000 గుడ్లు. అందులో సగం వాటంతటవే పోయినా 5,000 పురుగులు మిగులుతాయి. ఎకరా అంటే సుమారు 4,047 చదరపు మీటర్లు. అంటే ఎకరా చేనులో ప్రతి చదరపు మీటరుకూ ఒక పురుగు, ఇంకా పైన మిగులు. సరిగా విత్తిన చేనులో చదరపు మీటరుకు ముప్పై మూడు చెట్లుంటాయి. వాటి మధ్య ఒక్క వేరుపురుగు ఉన్నా పట్టించుకోవాల్సిందే. అంటే ఒక రాత్రి నిండిన బకెట్టు ఒక ఎకరాను కాపాడినట్టు.

రెండు హెచ్చరికలు. పురుగు వస్తోందని వేప చెట్లు కొట్టేయకండి. చెట్టు పోతే పురుగు చావదు, ఇంకో చెట్టుకు పోతుంది. నిజానికి చెట్టే మనకు బోను. రెండోది, ఎత్తైన చెట్టు మీదికి రాత్రిపూట మందు కొట్టే పనికి కూలీలను దించకూడదు. పైకి కొట్టిన మందు కొట్టేవాడి తల మీదే కారుతుంది.

పంట తీశాక, విత్తే ముందు

చెట్టు పీకిన వెంటనే, నేలలో పదును ఉండగానే చేను లోతుగా దున్నాలి. అప్పటికి పురుగులన్నీ కిందికి దిగిపోయి ఉండవు. మడక వెంట కొంగలు, గోరింకలు, కాకులు వాలతాయి. వాటిని తోలకండి. అవి కూలి అడగని కూలీలు. మడక వెనక నడిచి పురుగులు ఏరితే ఇంకా మంచిది. వేసవి వానలకు మరోసారి దున్నితే ఇంకొన్ని బయటపడతాయి. బాగా లోతున పడుకున్నవి దుక్కికి దొరకవు. అందుకే దుక్కి చేశాం కదా అని చెట్లు దులపడం మానకూడదు.

చేనుకు తోలే పెంట బాగా మాగి ఉండాలి. పచ్చి పేడ, సగం కుళ్లిన చెత్త పిల్లపురుగులకు మేత అవుతుంది. పంట మారిస్తే పోతుందనే ఆశ కూడా పెట్టుకోవద్దు. ఇది జొన్న వేరూ తింటుంది, సజ్జ వేరూ తింటుంది, మిరప, చెరకు వేర్లూ తింటుంది.

పచ్చ బూజు పట్టించి పురుగును చంపే మెటారైజియం అనే శిలీంధ్రం ఉంది. దాన్ని మాగిన పెంటలో కలిపి, తడి ఆరకుండా నీడలో కొన్ని రోజులు ఉంచి, విత్తే ముందు చేనులో వేయాలి. అది కూలికీ పశువుకూ హాని చేయదు. వేరుపురుగులోకి దూరి చంపే సూక్ష్మమైన నులిపురుగుల పొడిని బెంగుళూరులోని కేంద్ర సంస్థ తయారు చేసింది. ఇవి రెండూ నేలలో తడి ఉంటేనే పనిచేస్తాయి. ఒక్క రోజులో ఫలితం చూపవు. నకిలీ పొడులు అంటగట్టే వ్యాపారులకు వదలకుండా, ప్రభుత్వమే వీటిని వేళకు, తక్కువ ధరకు ఊళ్లలో అందించాలి.

విత్తనానికి మందు, చేతికి తొడుగు

గడిచిన ఏడు పురుగు బాగా పడిన చేనుకు విత్తనశుద్ధి చేయమంటున్నారు వ్యవసాయ శాస్త్రవేత్తలు. కిలో విత్తనానికి 6.5 మి.లీ. క్లోరిపైరిఫాస్ అన్నది వాళ్లు చెబుతూ వచ్చిన మోతాదు. అంటే ఎకరాకు 60 కిలోల విత్తనం వేస్తే 390 మి.లీ. చేలోకి గుళికలు కుమ్మరించడం కన్నా ఇది చాలా తక్కువ మందు. వాడే ముందు ఆ ఏటి సిఫార్సు ఏమిటో, మందుకు అనుమతి ఉందో లేదో ఊరి వ్యవసాయ సిబ్బందిని అడిగి తెలుసుకోవాలి. పురుగు పడని చేనుకు ఈ ఖర్చు అక్కర్లేదు.

ఈ మందు కలిపేది ఎవరు? చాలా చోట్ల విత్తనం వలిచిన ఆడకూలీలే, ఉత్త చేతులతో. ఇది ఆగాలి. పురుగుమందులు వాడే మనిషికి రక్షణ దుస్తులు, చేతి తొడుగులు ఉండాలని 1971 నాటి క్రిమిసంహారక మందుల నిబంధనలు చెబుతున్నాయి. నిబంధన కాగితం మీద ఉంది, తొడుగు చేతికి రాలేదు. పని చేయించే రైతును అడగండి. 'అన్నా, తొడుగులు తెప్పిస్తేనే మందు కలుపుతాం' అని పదిమందీ ఒక్క మాట మీద నిలబడితే తెప్పించక తప్పదు. గాలి తగిలే చోట, టార్పాలిన్ మీద గింజలు పరిచి మందు కలిపి, నీడన ఆరబెట్టాలి. పిల్లలను ఆ దరిదాపులకు రానీయకూడదు. తిండికి ముందు చేతులు సబ్బుతో కడగాలి.

ఇంకొక మాట గట్టిగా చెప్పాలి. విత్తనం పడేటప్పుడు గుప్పెడు గింజలు నోట్లో వేసుకోవడం, మిగిలినవి కొంగున కట్టుకుని ఇంట్లో వేయించడం మనకు అలవాటు. మందు కలిపిన గింజ గింజ కాదు, విషం. తినకూడదు, వేయించకూడదు, పశువుకు పెట్టకూడదు, గానుగకు పోయకూడదు. కూలీలు తినడానికి వేరే గింజలు ఇవ్వడం రైతు బాధ్యత.

మందు పట్టిన మనిషికి చెమటలు పోస్తాయి, నోటి వెంట చొంగ కారుతుంది, వాంతులవుతాయి, కంటిపాప సూదిమొనంత చిన్నదవుతుంది, ఊపిరి ఆడదు. ఎండ దెబ్బ అనుకుని పడుకోబెట్టకండి. మందు తడిసిన బట్టలు విప్పి, ఒళ్లు సబ్బుతో కడిగి, వెంటనే ఆసుపత్రికి తీసుకుపోండి. డబ్బా కూడా వెంట పట్టుకుపోవాలి. అది చూసి డాక్టరు విరుగుడు ఇస్తాడు.

రాత్రి పనికి కూలి ఎవరిస్తారు?

ఇక అసలు ప్రశ్న. పగలంతా పని చేసిన మనిషి రాత్రి గెడ పట్టుకుని చెట్లు దులపాలంటే ఊరికే ఎందుకు చేస్తాడు? 'మీ ఊరి మంచికేగా' అనే మాటతో కూలీల చేత వెట్టి చేయించుకోవడం కుదరదు. పదెకరాల ఆసామి చేను కాపాడే పనికి సెంటు లేనివాడు నిద్ర చెడగొట్టుకుంటే దానికి కూలి ఉండాలి. పంచాయతీ నిధుల నుంచో, ఉపాధి పనుల కిందో, రైతులు ఎకరానికి ఇంత అని వేసుకున్న చందా నుంచో ఆ కూలి చెల్లించాలి. పట్టిన పురుగును కొలిచి కొంటే ఆడవాళ్లు, ముసలివాళ్లు కూడా ఈ పనిలోకి వస్తారు. ఒక్కో చేనుకు కొనే డబ్బాల ఖర్చుతో పోలిస్తే ఇది ఎంత?

ఇందుకు వాన పడేదాకా ఆగకూడదు. మే నెలలోనే రైతు సంఘం, వ్యవసాయ కార్మిక సంఘం కలిసి కూర్చోవాలి. గడిచిన ఏడు ఏ చేలు ఎండాయో రాసుకోవాలి. గట్ల మీద, బీళ్లలో, గుడి దగ్గర, బడి దగ్గర ఏ చెట్లకు పురుగు మూగుతుందో గుర్తు పెట్టాలి. వాడకు ఇన్ని చెట్లని పంచుకోవాలి. గెడలు, పట్టాలు, బకెట్లు సిద్ధం చేసుకోవాలి. రాత్రి కూలి ఎంతో, ఎవరిస్తారో పంచాయతీ దగ్గర ముందే తేల్చుకోవాలి. పక్క ఊరికీ కబురు పెట్టాలి, పొలిమేర కూడా పురుగుకు అడ్డం కాదు గనుక. మండల వ్యవసాయాధికారిని రప్పించి, జీవ మందులు, చేతి తొడుగులు జూన్ ముందే ఊరికి చేరేలా పట్టుబట్టాలి.

మట్టిలో దాక్కున్న పురుగును ఒంటరి రైతు డబ్బాతో గెలవలేడు. బయటకు వచ్చిన పురుగును ఊరు కలిసి గెలవగలదు. ముంగారు వాన తర్వాత ఆ నాలుగైదు రాత్రులు ఊరంతా కదలాలి. కదిలిన ప్రతి చేతికీ కూలి అందాలి.